ఒక అడుగు వెనక్కి

ఎస్పీ రోడ్డులో తమ్ముడు నరసింహులు
ఎవరిదో గేము పెట్టె బాగుచేస్తే
డబ్బుల్లేవని దాన్నే వదిలిపెట్టి పోయినాడంట.
దాంతోపాటు ఒక బొమ్మ.
జానెడు కూడా లేదు,
కత్తి మొన విరిగిన ఆడమనిషి,
పీఠం లోపల కందిబేడంత చిప్పు.

"అక్కా, దీనికి కొట్లాట నేర్పాల" అన్నాడు.
నవ్వొచ్చింది.
బొమ్మనహళ్లి గార్మెంట్సులో
గంటకు నూటపది కాలర్లు చూసి పంపేదాన్ని,
నాకెవరు నేర్పినారని?

ఆనిస్తే చాలు, తెర మీదికి దిగుతుంది.
ఒకటో లెవెల్లో
అప్పుడే నిలబడ్డ బిడ్డ మాదిరి
అంచుదాకా పోయి తనంతట తానే పడేది.
నేను కొడితే కొట్టడం నేర్చింది,
కాచుకుంటే కాచుకోవడం.
నోటితో చెప్పేదానికి లేదు.
ఎదురుగా నిలబడి దాంతోనే కొట్లాడాల,
దెబ్బ తిని చూపించాల.

షిఫ్టు దిగి, అన్నం కుక్కరెక్కించి,
మూడు కూతలొచ్చేలోపల రెండాటలు.
పక్క రూము గౌరమ్మ గోడ తట్టేది,
"ఏనమ్మా, యారన్న హొడీతాయిద్దీయ?"
ఎవర్ని కొడుతున్నానని చెప్పేది!

ఇరవైమూడో లెవెల్లో కనిపెట్టినా.
దెబ్బ వేసిన ప్రతిసారీ
ఒక అడుగు వెనక్కి వేసి
ఆగి చూస్తుంది.
తమ్ముడు తల పట్టుకున్నాడు:
"ఇదేం రోగం అక్కా,
ఆ సందులోనే కదా తన్నులు తినేది!"

నాకు నోరు పెగల్లేదు.
పద్నాలుగేండ్లుగా
కాలరు బల్ల మీద పరిచి
ఒక అడుగు వెనక్కి వేసి
కుట్టు వంకరేమో చూసే కాళ్లు ఇవి.
కాళ్లలోది బొటనవేళ్లలోకి
ఎప్పుడు పాకిందో.

ఇంకొకటి కూడా ఉంది, వాడికి చెప్పలేదు.
కుడి బొటనవేలికి సూది దిగిన ఏడాది నుంచి
ఆ గోరు కింద మొద్దు.
బొమ్మకు గోరే లేదు,
అయినా కుడిపక్క నుంచి వచ్చేవాణ్ని
అర క్షణం లేటుగా చూస్తుంది.

కోరమంగళలో కాఫీ అంగడి మిద్దె మీద
ఆదివారం పందెం.
పదహారు బొమ్మలు, మనిషికి రెండొందలు.
ఆనించి వదిలేస్తే వాటికవే కొట్లాడుకుంటాయి,
మనం చేతులు కట్టుకుని కూర్చోవాల.
కట్టుకున్న చేతుల్లో వేళ్లు ఊరికే ఉంటాయా?
పక్కనున్న పిల్లోడు, పేరు ఇంద్రనీల్,
నా కొంగు కింద చూసి
"ఆంటీ, లర్నింగ్ ఆఫ్ చేసినారా?" అన్నాడు.
యాభై లెవెలు నిండినాక ఆపేయాలంట,
లేకుంటే చేతగానోళ్లతో ఆడి
చేతగానితనం కూడా నేర్చుకుంటుందంట.

ఆపొచ్చని నాకెవరూ చెప్పలేదే.

మొదటి ఆటలో ఎదుటి గొడ్డలివాడు
ఉరికి ఉరికి వచ్చినాడు.
మాది ఒక వేటు వేసి, అలవాటుగా
ఒక అడుగు వెనక్కి.
ఖాళీని నరికి
వాడే అంచు దాటి పోయినాడు.
ఎవరో ఈల వేసినారు.
రెండో ఆటలో
కుడిపక్క నుంచి వచ్చింది.
వస్తుందని నాకు తెలుసు.
దానికీ తెలిసింది,
అర క్షణం తర్వాత.

"అమ్ముతారా? పన్నెండొందలు ఇస్తా.
లోపలున్నదంతా చెరిపేసి
మొదట్నుంచి నేర్పుకుంటా" అన్నాడు ఇంద్రనీల్.
మంచి పిల్లోడే, మర్యాదగానే అడిగినాడు.
రెండున్నర రోజుల కూలి.
టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించినా.
సిల్క్ బోర్డు దగ్గర బస్సు
నలభై నిమిషాలు కదల్లేదు,
డబ్బాలో కత్తి కటకటమంటానే ఉంది.

సోమవారం బల్ల కాడ
ఆ అడుగు వేయకుండా చూద్దామని నిలబడినా.
మధ్యాన్నానికి మూడు కాలర్లు
తిరిగొచ్చినాయి.
సూపర్‌వైజరు ఏమన్నాడో వదిలేయండి.

రాత్రి బొమ్మకు ఆ సంగతి చెప్పలేదు.
లర్నింగ్ ఆన్‌లోనే ఉంది.